బానెట్ మీద పాఠం

మొన్న శ్రీనివాసపురం వైపు నుంచి మామిడితోటల ఆసామి ఒకాయన కారు తీసుకొని మా షెడ్డుకు వచ్చాడు. కారు వెనక పొగ, స్టీరింగ్ వెనక ఆయన మొహం, రెండూ ఒకే రంగులో ఉన్నాయి.

"ఏమప్పా, పెట్రోలంటే మండేదే కదా. మండిపోయినాక ఇంగ పొగ యాడిది? బంకువాడు ఏమో కలిపినాడు" అన్నాడు.

నేను స్పానర్ కింద పెట్టకుండానే, "పెట్రోలు తప్పు కాదు సామీ. గాలి తప్పూ కాదు. తొందర తప్పు" అన్నాను.

అనేశాక నాకే వింతగా అనిపించింది. ఆ మాట నాది కాదు, మా మిస్‌ది. ఆమె పోయి నెల కూడా కాలేదు.

మా ఊళ్లో బళ్లో చదువు చెప్పే ఆడవాళ్లందరూ మిస్సులే. మనవళ్లు పుట్టినా మిస్సే, పళ్లు ఊడినా మిస్సే. మా మిస్ పెళ్లి కూడా చేసుకోలేదు కాబట్టి ఆ పిలుపు ఆమెకు అన్ని విధాలా సరిపోయింది. సైన్సు చెప్పేది. నేను ఎనిమిదిలో బడి మానేశాను. "నువ్వు మానలేదప్పా, బడే నిన్ను మానేసింది, దానికీ ఓపిక ఉండల్ల కదా" అనేది. ఈ మాట నాకు పెళ్లయిన రోజున అంది, కొడుకు పుట్టిన రోజున అంది, నా షెడ్డు తెరిచిన రోజున టెంకాయ కొట్టిన చేత్తోనే అంది.

బంగారు గని మూసేశాక మా ఊరికి పని పోయింది, నిద్ర మిగిలింది. అది కూడా సరైన నిద్ర కాదు. చీకటితోనే లేచి మారికుప్పం రైలెక్కి బెంగుళూరికి పోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చేవాళ్లకు ఊరంటే పడుకునే చోటు. పోగలిగినవాళ్లు కుటుంబాలతో పోయారు. పిల్లలు లేక బళ్లల్లో క్లాసులు కలిపేశారు. మిస్ రిటైరయ్యేనాటికి ఆమె క్లాసులో పిల్లలకంటే బెంచీలు ఎక్కువ. బెంచీలు బుద్ధిగా వింటాయని చెప్పేది. పాఠం చెప్పడం మాత్రం ఆగలేదు. ఆమెకు నల్లబల్ల లేకుండా పోయింది, నా షెడ్డులో కార్లున్నాయి.

మా దగ్గర గని దిబ్బల దుమ్ము గాలికి లేచి అన్నింటిమీదా పడుతుంది, బూడిదరంగులో, మెత్తగా. తుడిచిన కారు మధ్యాహ్నానికల్లా పలక అయిపోతుంది. మిస్ సాయంత్రం నాలుగింటికి, కొంగు నడుముకు దోపుకొని, చేతిలో కరివేపాకో కొత్తిమీరో పట్టుకొని వచ్చేది. రాగానే ఏ కారు పొగ వదులుతుంటే దాని బానెట్ మీద చూపుడువేలితో రాయడం మొదలుపెట్టేది. పెట్రోలు ఇక్కడ, గాలి ఇక్కడ, నిప్పురవ్వ ఇక్కడ. కారు సొంతదారు టీ తాగి వచ్చేసరికి వాళ్ల కారు మీద ఒక బాణం, రెండు గుండ్రాలు, ఒక ప్లస్సు ఉండేవి. తుడిచేస్తే ఒప్పుకునేది కాదు. "అర్థమైనాకనే తుడువు" అనేది. అర్థంకాని పాఠంతోనే కొన్ని కార్లు బంగారుపేట దాకా పోయాయి.

ఆ పాఠం నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. అయినా చెప్తాను, ఎందుకంటే ఆమె చెప్పినట్టు ఇంకెవరూ చెప్పరు.

"ఇంజనంటే బడి" అని మొదలుపెట్టేది. "లోపలికి పెట్రోలు వస్తాది, గాలి వస్తాది. ఇద్దరూ బాగా కలవల్ల, నిప్పు తగలల్ల, పెట్రోలు పూర్తిగా కాలల్ల. అట్ల పాసైన పెట్రోలు ఏమవుతాది? నీళ్లావిరి అవుతాది, ఇంగ మనం ఊపిరి వదిలేటప్పుడు వచ్చే ఆ బొగ్గుగాలి అవుతాది. కానీ ఆ బడిలో పీరియడ్ ఎంతసేపు? కన్ను మూసి తెరిచేలోపల గంట కొట్టేస్తారు. గంట కొడితే పాసైనోడూ బయటికే, కానోడూ బయటికే. ఆ కానోడే పొగ."

ఇక్కడ ఆగి నావైపు చూసేది. కస్టమర్లు కూడా చూసేవాళ్లు.

"అంటే మిస్, నేను సగం కాలిన పెట్రోలంటారు."

"సగం కూడానా! నువ్వు గోడకు ఆనుకొని కూర్చున్నోడివి. సిలిండర్ గోడ చల్లగా ఉంటాది, దానికి అంటుకున్న పెట్రోలు దగ్గరికి మంటే పోదు. ఎట్ల లోపలికి వచ్చిందో అట్లే బయటికి పోతాది. నిన్ను నేను మూడేండ్లు చూడలేదా? గోడ దగ్గరే కదా కూర్చునేది. నీకు ఏదీ అంటలేదు."

నేను పెట్రోలు ఒలికినప్పుడల్లా చేతులు తుడుచుకుంటూ, "చూడండి మిస్, ఇప్పుడు అంటింది" అనేవాణ్ని. ఆమె నవ్వేది కాదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, రెండు వేళ్లతో కళ్లు నొక్కుకునేది. ఆమె విసుగైనా, అలసటైనా, నవ్వొచ్చి ఆపుకోవడమైనా అంతే. మూడింటికీ ఒకటే గుర్తు. ఏదో మనమే కనుక్కోవాలి.

తర్వాత నత్రజని పాఠం. "గాలిలో ముప్పావుకు పైన అదే. పాపం, ఎవరి జోలికీ పోదు. ఊపిరితో లోపలికి పోతాది, అట్లే వచ్చేస్తాది. అట్లాంటిది కూడా ఇంజన్లో ఆ వేడికి ఆక్సిజన్ మీద పడి కొట్లాటకు దిగుతాది. బయటికొచ్చి కండ్లు మండిస్తాది, దగ్గు తెప్పిస్తాది. వేడి ఎక్కువైతే సాధువైనా రౌడీనే. మా తమ్ముణ్ని చూసినారు కదా."

ఇంతకూ ఆ తమ్ముడి గురించి చెప్పాలి. మిస్ ఉన్నది ఆయనతోనే. గని కార్మికుల వరస ఇళ్లను మేము లైన్లంటాం, అలాంటి ఒక లైన్లో ఇల్లు. ఆయన భార్య చాలా ముందే పోయింది. ఆయన భూమి లోపల పని చేసినవాడు, వాళ్ల నాయన కూడా అంతే. లోపల ఉన్నన్నాళ్లూ గట్టిగా మాట్లాడి ఎరగడు. గని మూశాక పాత అంబాసిడర్ ఒకటి కొని, రోగుల్ని బెంగుళూరు ఆసుపత్రులకు తీసుకుపోయే పని పెట్టుకున్నాడు. ఆ పనిలో ఆయనకు నోరొచ్చింది, కోపమొచ్చింది. కారు నా దగ్గరికే వచ్చేది. ఆ కారుకు నేను చేసిన మరమ్మతు ఒక మనిషికి చేసివుంటే వాడు ఈపాటికి మంత్రి అయ్యుండేవాడు.

ఇంటి పక్కనున్న పాత సామాన్ల గదికి రెండు రెక్కల చెక్కతలుపు పెట్టి దాన్నే కారు షెడ్డు చేసుకున్నాడు. చలికాలం మా దగ్గర పొద్దున్నే కారు లేవదు, మనుషులే లేవరు. ఆయన చోక్ బాగా లాగి, స్టార్ట్ చేసి, కొంచెంసేపు వేడెక్కనిచ్చేవాడు. అప్పుడు పక్కింటామె అరుపు మొదలయ్యేది.

"అన్నా, మా ఉప్మాలో మీ కారు వాసన! ఆరేసిన చీరలో మీ కారు వాసన! మా ఆయన మీదగూడా మీ కారు వాసనే!"

ఆయన పెద్దమనిషి. పక్కింటివాళ్లను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఏం చేశాడంటే, తలుపులు మూసుకొని, లోపలే కూర్చొని, కారు వేడి చేయడం మొదలుపెట్టాడు. పొగంతా షెడ్డులో, పక్కింటామె ఉప్మా భద్రం.

మిస్‌కు ఆ తలుపుతోనే యుద్ధం. రోజూ పొద్దున ఆమె తెరవడం, ఆయన మూయడం. ఒకసారి నేను కార్బ్యురేటర్ చూడ్డానికి పోయినప్పుడు నా ముందే జరిగింది.

"తలుపు తెరువురా" అంది ఆమె.

"ఎందుకక్కా? చూడు, వెలుగుతా ఉండాది" అని ఆయన గూటిలోకి చూపించాడు.

గూటిలో కొవ్వొత్తి. పొడుగ్గా, నిటారుగా, కదలకుండా మంట.

అది వాళ్ల నాయన అలవాటు. గనిలో ఎప్పుడో తవ్వి వదిలేసిన పాత సొరంగాల్లోకి పోయేటప్పుడు ముందు కొవ్వొత్తి పట్టుకొని పోయేవాడట. మంట చిన్నదైతే ఒక అడుగు వెనక్కి, ఆరితే గని పైదాకా పరుగు. ఇప్పటికీ మావైపు పల్లెల్లో పాత బావి పూడిక తీసేముందు తాడుకు దీపం కట్టి దించుతారు. దీపం బతికితే మనిషి దిగుతాడు. ఆ మంటను నమ్మే వాళ్ల నాయన ముసలివాడయ్యేదాకా బతికాడు. నమ్మకానికి ఇంతకంటే ఏం రుజువు కావాలి?

"రేయ్, నాయన చూసిన గాలి వేరు, ఇది వేరు" అంది మిస్. "ఆడ ఆక్సిజన్ తక్కువైతే మంట ఆరతాది. ఈడ ఆక్సిజన్ ఉంటాది, మంట ఉంటాది, దాంతోపాటు ఇంకొకటి ఉంటాది. చోక్ లాగినావు కదా, పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. కార్బన్‌కు రెండు ఆక్సిజన్లు కావల్ల. ఒకటే దొరికింది. ఆ ఒక్కటి దొరికినోడికి రంగు లేదు, వాసన లేదు. మంటను ఏమీ చెయ్యడు. నీ రక్తంలోకి పోయి, మారికుప్పం రైల్లో టవలేసి సీటు పట్టినట్టు, ఆక్సిజన్ కూర్చునే సీట్లో కూర్చుంటాడు. లెయ్యమంటే లెయ్యడు. ఆక్సిజన్ నిలబడే పోతాది, నువ్వు పడుకొనే పోతావు."

"మంట బతికే చోట మనిషి చచ్చేదెట్లక్కా?"

"నువ్వు మంటవా? మనిషివా?"

"నాయన చెప్పింది నీకేం తెల్సు? లోపలికి దిగినావా ఏమి ఒక్క దినమన్నా?"

ఆడపిల్లను ఎవరు దించుతారు లోపలికి? నేను మధ్యలో దూరి, "అన్నా, నా మాట విను, నాకు తెలియదుగానీ మిస్ చెప్పిందంటే నిజమే అయ్యుంటాది. ఆమె చెప్పింది రాయకుండా నా సొంతం రాసే కదా నేను ఫెయిలయింది" అన్నాను. ఆయన నవ్వి ఒక రెక్క తెరిచాడు. మేము అటు తిరగ్గానే మూశాడు.

మిస్ అలసట నాకు ఆరోజే బాగా కనిపించింది. నన్ను లైను చివరిదాకా సాగనంపుతూ అంది: "ఊరంతటికీ చెప్పినానప్పా. పరీక్షలో రాసేదానికి నేర్చుకున్నారు. బతికేదానికి ఎవరూ నేర్చుకోలేదు. కార్బన్ మోనాక్సైడు ప్రమాదకరమైన వాయువు అని మా తమ్ముడు గూడా రాసినాడు, నా క్లాసులోనే. పూర్తి మార్కులు నేనే వేసినాను."

ఆ మరుసటి చలికాలం, సన్నటి జల్లు పడుతున్న ఒక పొద్దున, ఆమె మా ఇంటి ముందుకొచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు. కళ్లజోడు లేదు. నేను పళ్లు తోముకుంటున్నాను. ఎప్పుడొచ్చినా ఒక వెటకారంతో మొదలుపెట్టే మనిషి, "రా" అంది. అంతే. నురుగు ఉమ్మేసి ఆమె వెనకే పరుగెత్తాను.

తలుపులు రెండూ లోపల నుంచి గడియ వేసున్నాయి. జల్లు లోపలికి కొట్టకుండా వేసుకున్నాడు. ఇంజను ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది, చక్కగా, ఒకే లయలో. నా జన్మలో ఆ ఇంజను అంత బాగా ఆడటం నేను వినలేదు. మిస్ తలుపు బాదుతూ తమ్ముణ్ని చిన్నప్పటి పేరుతో పిలుస్తోంది. నేను భుజంతో గుద్దాను. మూడోసారికో నాలుగోసారికో గడియ ఊడింది.

ఆయన స్టీరింగ్ మీద తల పెట్టి పడుకున్నట్టున్నాడు. గూటిలో కొవ్వొత్తి నిటారుగా వెలుగుతోంది.

"ఊపిరి బిగబట్టు! బిగబట్టి లోపలికి పో!" అని అరిచింది. అదొక్కటే ఆరోజు చెప్పిన పాఠం. నేను ఇంజను ఆపి, ఆయన చంకల కింద చేతులు వేసి లాగాను. ఆమె కాళ్లు పట్టుకుంది. ఇద్దరం కలిసి వానలోకి ఈడ్చి, మట్టిలో పడుకోబెట్టాం. మిస్ ఆయన చొక్కా గుండీలు తెంపేసి, మొహం పక్కకు తిప్పింది. కొంతసేపటికి కక్కుకున్నాడు. ఒక మనిషి కక్కుకుంటే అంత సంతోషం కలుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. పక్కింటామె గొడుగు పట్టుకొచ్చి, ఎవరికి పట్టాలో తెలియక వానకే పట్టింది.

నా మారుతీ వ్యాన్లో ఆసుపత్రికి తీసుకుపోయాం. కిటికీలన్నీ తెరిచి. మూతికి ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నానికి కళ్లు తెరిచాడు. తలనొప్పి, వాంతులు, గొంతు సరిగా లేదు. డాక్టరు, ఒక రాత్రి ఉంచి చూసి పంపిస్తామన్నాడు, ఇంకొంచెంసేపైతే చూసే పనే ఉండేది కాదన్నాడు.

మిస్ మంచం పక్కన కూర్చుంది. ఆయన మాస్కు పక్కకు జరిపి అడిగిన మొదటి మాట ఇది:

"అక్కా, మంట ఆరిందా?"

అబద్ధం చెప్పుంటే సరిపోయేది. ఆరిందిరా అని ఒక్క మాట. ఆయన జన్మలో మళ్లీ ఆ తలుపు మూసేవాడు కాదు. నేను ఆమె వైపు చూసి తల కూడా ఊపాను, చెప్పెయ్ మిస్, ఏం పోయింది అన్నట్టు. కానీ ఆమె ఎవరు? పరీక్షలో ఒక అర మార్కు ఎక్కువ వేసి ఎరగని మనిషి.

"లేదురా. వెలుగుతానే ఉండింది."

"చూసినావా మరి" అన్నాడు ఆయన, నీరసంగా, తృప్తిగా. "గాలి బాగానే ఉండాది. రాత్రి ముద్ద తినలేదు కదా, అందుకే కండ్లు తిరిగినాయి."

మిస్ చేయి నుదుటి దాకా పోయింది. కళ్లజోడు లేదు. ఉత్త కళ్లే నొక్కుకుంది. నేను ఆమె పాఠం మొదలుపెడుతుందని ఎదురుచూశాను: ఒక ఆక్సిజన్, రెండు ఆక్సిజన్లు, రైలు, టవలు. దుప్పటి మీద వేలితో గీస్తుందనుకున్నాను. గీయలేదు. ఆయన మాస్కు సరిచేసి, దుప్పటి కప్పి, లేచింది.

"నీ దగ్గర స్పానర్లు ఉండాయా?" అంది నాతో, ఆసుపత్రి మెట్లు దిగుతూ.

"మెకానిక్‌ను పట్టుకొని అడిగే మాటేనా మిస్?"

"గొడ్డలి?"

"అది మెకానిక్ దగ్గర ఉంటే కస్టమర్లు రారు."

గొడ్డలి పక్కింటామె ఇచ్చింది. ఎందుకని అడగలేదు. షెడ్డు తలుపుల బందులకు బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయున్నాయి. కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి, ఒక్కొక్కటే ఊడదీశాను. ఆమె పక్కనే రాయి మీద కూర్చొని చూస్తోంది. జల్లు ఆగింది. కొంగు ఇంకా తడిగానే ఉంది.

"మిస్, తలుపు లేకపోతే కారును ఎవడన్నా ఎత్తుకుపోతే?"

"దాన్ని బాగు చేసింది నువ్వు కదా. యాడిదాకా పోతాడు?"

ఆ మాటతో నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది. రెండు రెక్కలూ కింద పడ్డాయి. మంచి చెక్క, వాళ్ల నాయన కాలంలోది, పైన పచ్చరంగు. నేను పలకలు పలకలుగా చీల్చాను. ఆమె వాటిని ఒక్కొక్కటిగా మోసుకుపోయి పెరట్లో నీళ్ల పొయ్యి పక్కన పేర్చింది. ఒద్దంటే వినలేదు. ఆ వయసులో, ఆ చలిలో, పొద్దున తమ్ముణ్ని ఈడ్చిన చేతులతో.

మర్నాడు మధ్యాహ్నం ఆయన్ను నేనే తీసుకొచ్చాను. వ్యాన్ దిగి, గోడ పట్టుకొని, ఒక్కొక్క అడుగే వేస్తూ నడిచాడు. షెడ్డు ముందుకొచ్చి ఆగాడు. కారు ఉంది. గాలి లోపలికీ బయటికీ తిరుగుతోంది, గూటిలో కొవ్వొత్తి ముక్క మీద దుమ్ము కూడా చేరింది. బందులు ఊడిన చోట గోడకు తెల్లటి గుంతలు.

"అక్కా! తలుపు యాడ?"

మిస్ పెరట్లో పొయ్యి ముందు కూర్చొనుంది. నీళ్ల అండా కింద మంట పెద్దగా, పచ్చగా మండుతోంది. ఆయన అక్కడిదాకా పోయి పొయ్యిలోకి చూశాడు. ఒక పలక సగం లోపల, సగం బయట ఉంది. బయటి సగానికి పచ్చరంగు, గడియ పెట్టే కొక్కెం ఇంకా ఉన్నాయి. ఆయన నావైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

ఆయన పెదవులు ఏదో అనడానికి కదిలాయి. నాయన పేరు ఎత్తుతాడేమో అనుకున్నాను. మిస్ తల తిప్పలేదు. కొక్కెం ఉన్న పలకను కాలితో ఇంకొంచెం లోపలికి తోసింది.

"నీళ్లు కాగినాయి. ఆసుపత్రి వాసన పొయ్యేదాకా పోసుకో. పో."

ఆయన పోయాడు. టవలు భుజాన వేసుకొని, చిన్నపిల్లాడిలా. స్నానం చేసే బచ్చలింట్లో చెంబు చప్పుడైంది, వెంటనే అరుపు.

"అక్కా! కాల్తా ఉండాయి!"

మిస్ రెండు వేళ్లతో కళ్లు నొక్కుకుంది. విసుగో, అలసటో, నవ్వో, ఆరోజు కూడా నేను కనుక్కోలేకపోయాను.

"చన్నీళ్లు కలుపుకోరా" అంది. "అది గూడా చెప్పల్నా నీకు?"